బరంపురం హోటళ్ళలో అలర్జీ ఉన్నవాళ్ళు ఎక్కడ కూర్చోవచ్చు, ఎక్కడ లేచి రావాలి

ఆంధ్ర సరిహద్దుకి దగ్గర్లో ఉన్న ఒడిషా ఊరు బరంపురంలో వేరుశనగ పడనివాళ్ళకి పొద్దుటి ఇడ్లీ కొట్టు ఫరవాలేదు, మధ్యాహ్నం ఒడియా భోజనం ఇంకా నయం, రాత్రి బిర్యానీ రెస్టారెంటు మాత్రం ప్రమాదం. ఆవాలు పడనివాళ్ళకి ఈ వరుస దాదాపు తలకిందులవుతుంది. పాలు పడనివాళ్ళు మిఠాయి కొట్టు వైపూ మసాలా గ్రేవీలు, బిర్యానీ వైపూ చూడకుండా, పప్పులో నెయ్యి పోపు లేకుండా చూసుకుంటే చాలు, చేపల కూర భోజనం హాయిగా తినొచ్చు. రొయ్య పడనివాళ్ళు దగ్గర్లోని సముద్రతీరపు ఊరైన గోపాల్‌పూర్ ఒడ్డున మరుగుతున్న మూకుడు పక్కన నిలబడకపోవడమే మంచిది. అందుకే ఏ హోటలు మంచిదని అడిగేముందు తినబోయే మనిషికి ఏది పడదో తేల్చుకోవాలి.

ఇక్కడ కొట్ల పేర్లు రాయడం లేదు. వంటమాస్టారు మారితే నిన్న భద్రంగా ఉన్న కొట్టు ఇవాళ అలా ఉండదు. వంటింటి తీరు మాత్రం అంత తొందరగా మారదు. టిఫిన్ హోటల్లో పెనం ఎలా వాడతారు, ఒడియా భోజన హోటల్లో ఏ ముద్ద నూరి పెట్టుకుంటారు, రెస్టారెంటులో గ్రేవీ దేనితో చిక్కబడుతుంది అన్నవి బరంపురం గేట్ బజారులో ఎలాగో పర్లాఖిమిడిలో, రాయగడలో, గుణుపురంలో దాదాపు అలాగే ఉంటాయి. సరిహద్దు ఊళ్ళ ప్రత్యేకత ఏమిటంటే ఆంధ్ర వంటలోని వేరుశనగ, నువ్వులు, జీడిపప్పు, ఒడియా వంటలోని ఆవ ముద్ద, ఆవనూనె ఒకే పొయ్యి మీద కలుస్తాయి. మెనూలో ఏం రాశారో చూస్తే సరిపోదు. ఆ వంటింట్లో ఏ గరిట ఏ గిన్నెలోంచి ఏ గిన్నెలోకి వెళ్తోందో చూడాలి.

చట్టం ఎంతవరకు కాపాడుతుందో ముందే తెలుసుకుంటే మంచిది. దేశంలో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో తెచ్చిన లేబులింగ్, డిస్‌ప్లే నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద తప్పక చెప్పాల్సినవి ఇవి: గోధుమ, బార్లీ, ఓట్స్ లాంటి గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉన్న ధాన్యాలు, రొయ్య పీత జాతి, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ, జీడిపప్పు బాదం లాంటి గింజలు, సోయా, కిలోకి 10 మిల్లీగ్రాములు, అంతకు మించిన సల్ఫైట్ (నిల్వ కోసం కలిపే రసాయనం). ఆవాలు ఈ జాబితాలో లేవు. నువ్వులూ లేవు. ఐరోపా దేశాల్లో ఈ రెండూ తప్పనిసరిగా చెప్పాల్సిన 14 పదార్థాల్లో ఉన్నాయి, అమెరికాలో నువ్వుల్ని 2023 జనవరి నుంచి చేర్చారు. ఒడిషాలో ప్రతి రెండో గిన్నెలో ఆవ ఉంటుంది, దాన్ని హెచ్చరికలో చెప్పమనే నిబంధన మాత్రం లేదు. ఇది నిజంగా పెద్ద లోటు. ఆవ పడనివాళ్ళు ప్యాకెట్ మీది అలర్జీ వాక్యాన్ని నమ్మకుండా పదార్థాల జాబితా మొత్తం చదవాలి. అందులోనూ మసాలా దినుసులు అని ఒక్క మాటతో సరిపెట్టి ఉంటే ఆ ప్యాకెట్ పక్కన పెట్టేయడమే. హోటళ్ళ విషయానికొస్తే, మెనూలో వివరాలు ఇవ్వాలన్న నిబంధన కేంద్ర లైసెన్సు ఉన్నవాటికి, లేదా 10 అంతకుమించి చోట్ల శాఖలున్నవాటికి మాత్రమే. గోడకి 14 అంకెల లైసెన్సు నంబరు తగిలించిన చిన్న హోటలు నిబంధన పాటిస్తున్నట్టే, కానీ ఆ నంబరు అలర్జీ గురించి ఏమీ చెప్పదు.

కాబట్టి అడగాల్సిందే. ఎవర్ని అడగాలన్నది మొదటి చిక్కు. బల్ల దగ్గరికి వచ్చే కుర్రాడు "లేదు సార్, ఏం లేదు" అంటాడు, ఎందుకంటే అతనికి కనబడే వేరుశనగ లేదు. ముద్దగా నూరినదీ, పొడిలో కలిసినదీ అతనికి తెలియదు. కౌంటర్లో ఉన్న ఆయనతో మాట్లాడి, "ఒక్కసారి మాస్టారుతో మాట్లాడాలి బాబూ, తినకూడనిది తింటే ఆసుపత్రిలో చేరాలి" అని నెమ్మదిగా, నవ్వకుండా చెప్పండి. అలర్జీ అన్న మాట ఒక్కటే వాడితే చాలామంది ఒంటికి పడదు, వేడి చేస్తుంది అన్నంత తేలిగ్గా తీసుకుంటారు. ఊపిరి ఆగిపోతుంది అని చెబితేనే లోపలికెళ్ళి అడుగుతారు.

కౌంటర్లో తెలుగు నడిచినా వంటింట్లో ఒడియా మాట్లాడేవాళ్ళు చాలామంది. వేరుశనగ చినాబాదాం, ఆవాలు సోరిష, నువ్వులు రాశి, గుడ్డు అండా, పాలు ఖీర, చేప మాఛ, రొయ్యలు చింగుడి, పీత కంకడా, గోధుమ గహమ, మినప బిరి, ఎండుచేప సుఖువా, జీడిపప్పు కాజు. "ఏథిరే చినాబాదాం అఛి కి?" అంటే ఇందులో వేరుశనగ ఉందా అని. ఇక్కడ ఒక పెద్ద ప్రమాదం ఉంది. ఒడిషా వీధుల్లో ఉత్త బాదాం అంటే చాలాసార్లు వేరుశనగే. బాదంపప్పు పడనివాళ్ళు "బాదం ఉందా" అని అడిగినా, వేరుశనగ పడనివాళ్ళు "బాదం ఫరవాలేదు" అని చెప్పినా సమాధానం అడ్డదిడ్డంగా వస్తుంది. రెంటికీ వేరువేరు పేర్లు చెప్పండి, వీలైతే ఫోన్లో బొమ్మ చూపించండి. అరచేతి కార్డు మీద ఒడియా లిపిలో మూడు వాక్యాలు రాయించి పెట్టుకుంటే ఇంకా మేలు: ఏది పడదు, తింటే ఏమవుతుంది, కడిగిన వేరే గిన్నెలో వండగలరా. ఆ కార్డు కౌంటర్లో ఉండిపోకుండా వంటింట్లోకి వెళ్ళేలా చూడాలి.

టిఫిన్ హోటళ్ళకి మా మార్కు 10కి 7, ఒక షరతు మీద. ఇడ్లీ ఒక్కటే తినాలి. బియ్యం రవ్వ, మినపప్పు, ఉప్పు, ఆవిరి. నూనె మూకుడుతో, పెనంతో సంబంధం లేదు. కొన్నిచోట్ల రుబ్బేటప్పుడు గుప్పెడు మెంతులు వేస్తారు. మెంతి కూడా పప్పుజాతి మొక్కే కాబట్టి వేరుశనగ అలర్జీ తీవ్రంగా ఉన్న కొందరికి అదీ పడదు. అది అడగాల్సిన ప్రశ్న. గోధుమ పడనివాళ్ళు బియ్యం రవ్వా, గోధుమ రవ్వా అని అడగాలి, ఎందుకంటే రవ్వ ఇడ్లీ పేరుతో వచ్చేది బొంబాయి రవ్వ, అంటే గోధుమే.

ఇడ్లీ పక్కన వచ్చేవి అసలు కథ. బరంపురం ఉన్న గంజాం జిల్లాలో ఇడ్లీ, బరా (మినప గారె), ఉప్మాల మీద చట్నీతో పాటు ఘుగుని పోసేస్తారు. ఘుగుని అంటే బఠానీ కూర. శనగలు, బఠానీ పడనివాళ్ళకి అది నేరుగా ప్రమాదం. "ఉత్త ఇడ్లీ, పైన ఏమీ పొయ్యొద్దు" అని వడ్డనకి ముందే చెప్పాలి, పోశాక తీసేయించుకుంటే లాభం లేదు. కొబ్బరి చట్నీ అని పేరున్న దానిలో కొబ్బరి ఖరీదైనప్పుడు పుట్నాలూ వేరుశనగా ఎక్కువ పడతాయి. తెల్లగా ఉంటే కొబ్బరి, కాస్త గోధుమరంగు తిరిగితే వేరుశనగ అన్న లెక్క నమ్మకండి. పొట్టు తీసిన వేరుశనగ నూరితే చట్నీ తెల్లగానే ఉంటుంది. సాంబారులో ఆవాల పోపు ఎలాగూ ఉంటుంది. పైగా ఇంగువ. బజారులో దొరికే కూటు ఇంగువలో మైదా గానీ బియ్యప్పిండి గానీ, తుమ్మ జిగురు గానీ కలిసి ఉంటాయి. గ్లూటెన్ ససేమిరా పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్ళు ఇంగువ డబ్బా చూపించమని అడగడంలో తప్పులేదు. మాస్టార్లు కూడా డబ్బా చూపించడానికి మొహమాటపడరు, అడిగే తీరు బాగుంటే.

అట్టు దగ్గర మార్కు పడిపోతుంది. పెనం ఒక్కటే ఉంటుంది. ముందు అట్టు మీద కారప్పొడి చల్లి ఉంటారు. ఆ పొడిలో వేరుశనగ, నువ్వులు సర్వసాధారణం. చాలాచోట్ల గుడ్డు అట్టూ ఆ పెనం మీదే. నీళ్ళు చల్లి చీపురుకట్టతో తుడవడం, ఉల్లిపాయ ముక్కతో నూనె రుద్దడం వల్ల పెనానికి అంటుకున్న మాంసకృత్తు పూర్తిగా పోదు. రెండోది, రవ్వ అట్టులో మైదా, జీడిపప్పు ముక్కలు కలిసే ఉంటాయి. అట్టు తప్పదనుకుంటే ఒకటే దారి: కొట్టు తెరిచిన వెంటనే, పెనం కడిగి మొదటిసారి కాలినప్పుడు, మొదటి అట్టు మీకే వేయించుకోవాలి. అట్లకాడ కూడా కడిగించాలి. పూర్ణాన్ని అందరికీ ఒకే గిన్నెలోంచి తీస్తారు కాబట్టి మసాలా అట్టు వద్దు.

ఇంత పట్టుదల ఎందుకంటే మోతాదు విషయం అలాంటిది. బాగా సున్నితంగా ఉన్నవాళ్ళకి ఒక వేరుశనగ పలుకులో నూరోవంతు చాలు. గరిట కొసన అంటుకున్న చట్నీలో అంతకంటే ఎక్కువే ఉంటుంది.

ఒడియా భోజన హోటలు ఈ ఊళ్ళ గొప్పదనం. అలర్జీ కోణంలో చూసినా చాలామందికి ఇదే మంచి చోటు. అన్నం, పప్పు, దాల్మా, వేపుడు, ఆకుకూర, చేపల పులుసు. మైదా లేదు, మీగడ లేదు, జీడిపప్పు ముద్ద లేదు. దాల్మాలో కందిపప్పు, కూరగాయలు, కొబ్బరి కోరు, పైన నెయ్యి పోపు. పాలు పడనివాళ్ళు నెయ్యి పోపు పడకముందు తీసిన పప్పు అడగాలి, పన్నెండుకి ముందు వెళ్తే అది సాధ్యమే. వేరుశనగ, జీడిపప్పు పడనివాళ్ళకి ఇక్కడ 10కి 8 ఇస్తాం.

ఆవ పడనివాళ్ళకి మాత్రం సున్నా. బేసర అంటేనే ఆవాలు, వెల్లుల్లి, ఎండుమిర్చి కలిపి నూరిన ముద్ద వేసి వండినది. చేప బేసర, కూరగాయల బేసర ఏదైనా సరే. పోపులో పంచఫుటణ: ఆవాలు, జీలకర్ర, మెంతులు, సోంపు, నల్లజీలకర్ర అయిదూ కలిపి ఒకే డబ్బాలో ఉంటాయి, అందులోంచి ఆవాలు ఏరి వెయ్యడం కుదరదు. వేపుళ్ళు ఆవనూనెలో. బడి చూర అన్న వడియాల పొడి మీద చివర్లో పచ్చి ఆవనూనె చుక్కలు వేస్తారు. శుద్ధి చేసిన నూనెల్లో మాంసకృత్తు దాదాపు మిగలదు గానీ కచ్చీ ఘానీ పేరుతో వచ్చే గానుగ ఆవనూనెలో గింజ తాలూకు మడ్డి ఉంటుంది. గానుగ వేరుశనగ నూనెకీ ఇదే మాట వర్తిస్తుంది. ఆవ లేకుండా వండమని అడిగితే మాస్టారు ఒప్పుకున్నా, నూరే రాయీ, గ్రైండరు జారూ అన్నీ ఆవతో తడిసినవే. అన్నం, పెరుగు, విడిగా ఉడికించిన గుడ్డు, అంతటితో సరిపెట్టుకోవాలి, లేదా వేరే చోటికి వెళ్ళాలి.

మినప పడనివాళ్ళు ఆకుకూర వేపుడులో నలిపి వేసే బడిని గమనించాలి, అది మినప్పప్పు వడియమే. బరంపురం పంపడ్ (అప్పడం) ఎంత రుచో అందరికీ తెలుసు. అందులోనూ మినప పిండి, ఇంగువ ఉంటాయి, పైగా హోటల్లో చేపలు వేగిన మూకుడులోనే వేగి వస్తుంది. చేప పడనివాళ్ళు సుఖువా సంగతి మరిచిపోకూడదు. ఎండుచేప కాల్చి దంచిన పచ్చడి పళ్ళెంలో మూలన ఉంటే, ఆ చేత్తో వడ్డించిన అన్నం కూడా వద్దు.

మూకుడు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే శాకాహారం తింటే గండం గడిచినట్టే అనుకునేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. బరా, ఆలూ చాప్, పియాజీ, చేప ముక్క, చికెన్ పకోడీ అన్నీ ఒకే నూనెలో మునిగి తేలతాయి. నూనె మరిగితే అన్నీ మాడిపోతాయి కదా అన్నది తప్పు. రొయ్య, పీతల్లో ఉండే ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తు వేడికి చెక్కుచెదరదు. వేరుశనగ అలర్జీకి కారణమయ్యేవీ వేడికి తట్టుకుంటాయి. నూనె జల్లెడ పట్టినా పిండి నలకలు మిగిలిపోతాయి. కొట్టు తెరిచాక ఏ సమయానికి కొత్త నూనె పోస్తారో కనుక్కుని, మొదటి వాయికి వెళ్ళండి. అది కూడా మొదటి వాయి బరాయా, చేపా అన్నది చూసుకుని. శనగపిండి పడనివాళ్ళకి ఈ బండ్ల దగ్గర ఏదీ పనికిరాదు. చౌక శనగపిండిలో బఠానీ పిండి కలిసే అవకాశం ఉంది కాబట్టి బఠానీ పడనివాళ్ళకి కూడా అదే సలహా.

బిర్యానీ, ఉత్తరాది కూరల రెస్టారెంట్లకి వేరుశనగ, జీడిపప్పు, పాలు పడనివాళ్ళ తరపున 10కి 3. పక్కనే పలాస ఉంది. జీడిపప్పు బద్దలూ నూకా ఆ బజారు నుంచి వస్తాయి కాబట్టి ఈ ప్రాంతపు గ్రేవీల్లో జీడిపప్పుకి కొదవ లేదు. ఒకటి రెండు మూల గ్రేవీలు పొద్దున్నే పెద్ద గిన్నెల్లో చేసి పెట్టుకుంటారు: ఉల్లి టమాటా ఎర్ర గ్రేవీ, జీడిపప్పు తెల్ల గ్రేవీ. మెనూలో ఇరవై పేర్లున్నా లోపల గిన్నెలు రెండే. ఎర్ర గ్రేవీ కూర చెప్పినా మెరుపు కోసం ఒక గరిట తెల్లది పడుతుంది. జీడిపప్పు వెయ్యొద్దు అంటే పైన అలంకరణకి చల్లేవి మానేస్తారు గానీ గ్రేవీలోది అలాగే ఉంటుంది. ఖర్చు తగ్గించుకునే చోట జీడిపప్పు బదులు వేరుశనగ, పుచ్చగింజల పప్పు, గసగసాలు నూరుతారు. కాబట్టి "మూల గ్రేవీ దేనితో చిక్కబరుస్తారు" అన్నదే అడగాల్సిన ప్రశ్న. జీడిపప్పు పడనివాళ్ళలో చాలామందికి పిస్తా కూడా పడదు, రెంటి మాంసకృత్తులూ అంత దగ్గరివి.

కార్తీకమాసంలో, సోమ గురువారాల్లో చాలామంది ఒడియా ఇళ్ళలోలాగే హోటళ్ళలోనూ నిరామిషం (ఉల్లి, వెల్లుల్లి కూడా లేని శాకాహారం) అడుగుతారు. చేపా గుడ్డూ పడనివాళ్ళకి ఆ రోజుల్లో మూకుడు కాస్త శుభ్రం. అయితే ఉల్లి, వెల్లుల్లి లేని గ్రేవీ చిక్కదనం ఎక్కడి నుంచి రావాలి? జీడిపప్పు, గసగసాలు రెట్టింపు పడతాయి. గింజలు పడనివాళ్ళకి ఈ నిరామిష గ్రేవీ మామూలు రోజుల కంటే ప్రమాదం.

బిర్యానీలో మాంసం పెరుగులో నానుతుంది, అన్నం మీద నెయ్యి, వేయించిన జీడిపప్పు పడుతుంది. పాలు పడనివాళ్ళకి ఏ రకం బిర్యానీ వద్దు. చికెన్ 65 లాంటి వేపుళ్ళ పిండిలో గుడ్డు తెల్లసొన, మైదా, కార్న్‌ఫ్లోర్ ఉంటాయి. ఆవ పడనివాళ్ళకి మాత్రం ఈ రెస్టారెంట్లలో అవకాశం కాస్త ఉంది: తందూరీ రోటీ, ఆవాల పోపు లేని పప్పు, జీరా రైస్. పచ్చడి గిన్నె బల్ల మీద పెట్టనివ్వకండి, అందులో ఆవపిండి ఉంటుంది. తందూరీ చికెన్ నానబెట్టే ముద్దలో ఆవనూనె వాడే మాస్టార్లు చాలామంది, అది తప్పక అడగాలి.

చైనీస్ బండ్ల దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. సోయా సాసులో సాధారణంగా సోయాతో పాటు గోధుమ ఉంటుంది, ఒకే కడాయిలో గుడ్డు నూడిల్సూ, చికెన్ నూడిల్సూ, వెజ్ నూడిల్సూ నీళ్ళతో తొలిపి మార్చి మార్చి చేస్తారు. గోధుమ, సోయా, గుడ్డు పడనివాళ్ళకి సున్నా.

గోపాల్‌పూర్ ఒడ్డున చేపల వేపుడు కొట్లు సాయంత్రం ఎంత కళగా ఉన్నా, రొయ్యా పీతా పడనివాళ్ళకి అవి మూసి ఉన్నట్టే లెక్క. రొయ్యలు వేగేటప్పుడు వచ్చే ఆవిరికే కొందరికి దగ్గు, ఆయాసం మొదలవుతుంది, ఆస్తమా ఉంటే మరీనూ. చేపలు మాత్రమే పడనివాళ్ళు రొయ్య తినొచ్చు, రొయ్య మాత్రమే పడనివాళ్ళు చేప తినొచ్చు, రెంటిలోనూ అలర్జీ తెచ్చేవి వేరు. కానీ మూకుడు ఒక్కటే అయినచోట ఆ తేడాకి విలువ లేదు. మసాలా పూత పిండిలో ఏముందో కూడా అడగండి: శనగపిండి, బియ్యప్పిండి, కార్న్‌ఫ్లోర్, గుడ్డు, కొన్నిచోట్ల బొంబాయి రవ్వ. ఇంకో సంగతి. కానాగంతలు, సూర లాంటి చేపలు మంచు లేకుండా ఎండలో ఉంటే వాటిలో హిస్టమిన్ పేరుకుంటుంది. తిన్న కాసేపటికి మొహం ఎర్రబడి, దద్దుర్లు వచ్చి, తలపోటు పుడుతుంది. అచ్చం అలర్జీలాగే ఉంటుంది గానీ అది పాడైన చేప చేసిన పని, వండితే పోయేదీ కాదు. ఒకే చేప తిన్న నలుగురికీ ఒకేసారి వస్తే ముందు దీన్నే అనుమానించాలి. డాక్టరుకి ఏ చేప, ఎంతసేపటికి వచ్చింది, పక్కవాళ్ళకి వచ్చిందా అన్నవి చెబితే, జీవితాంతం చేప మానుకోవాలా వద్దా అన్నది తేలుతుంది.

మిఠాయి కొట్టులో పాలు పడనివాళ్ళకి చోటు లేదు. ఛెనా పొడ, రసగుల్లా, ఛెనా ఝిల్లీ అన్నీ పాలు విరిచి తీసిన ముద్దతో చేసినవే. గోధుమ పడనివాళ్ళు గమనించాల్సింది, రసగుల్లా విరిగిపోకుండా ఆ ముద్దలో కొద్దిగా రవ్వ గానీ మైదా గానీ కలుపుతారు, ఛెనా పొడలోనూ రవ్వ పడుతుంది. ఛెనా పొడలో జీడిపప్పు ఉంటుంది కాబట్టి దాన్ని కోసిన కత్తితో కోసినదేదీ గింజలు పడనివాళ్ళకి ఇవ్వొద్దు. ఆకుపచ్చ పలుకులు చల్లిన మిఠాయిలో అది పిస్తా అని నమ్మకూడదు, రంగు వేసిన వేరుశనగ పలుకులు పిస్తా పేరుతో చెలామణీ అవడం మన దేశంలో కొత్త కాదు. అరిసెల్లో నువ్వులు. లస్సీ కొట్ల దగ్గర రబ్డీ, కొబ్బరి కోరు, జీడిపప్పు పైన వేస్తారు. అవి వద్దన్నా, కవ్వమూ మిక్సీ జారూ బాదం పాలకీ వాడినవే.

పెళ్ళి భోజనాల్లో, లాడ్జీల బఫేల్లో గరిటెలు గిన్నెలు మారుతూనే ఉంటాయి. ముందు వరసలో వెళ్ళి, ఎవరూ ముట్టకముందు వడ్డించుకోవడం ఒక్కటే ఉపాయం.

స్విగ్గీ, జొమాటో లాంటి యాప్‌లలో సూచనలు రాసే గడి ఉంటుంది. దాన్ని అలర్జీకి వాడకండి. ఆ రాత చిన్న కాగితం మీద అచ్చయి వచ్చేసరికి వంటవాడు చదువుతాడన్న భరోసా లేదు, చదివినా మళ్ళీ మిమ్మల్ని అడిగే వీలు లేదు. ముందు హోటలుకి ఫోన్ చేసి మాట్లాడి, ఆ తర్వాత ఆర్డరు పెట్టండి. మధ్యాహ్నం మూడు నుంచి అయిదు లోపు ఫోన్ చేస్తే మాస్టారు తీరిగ్గా ఉంటాడు, ఎనిమిదింటికి చేస్తే ఏం చెప్పినా ఊఁ అంటాడు. పార్సెల్ వచ్చాక కూర మారిందేమో మూత తీసి చూడండి, చట్నీ కవరు కారి ఇడ్లీకి అంటితే ఇడ్లీ కూడా పారేయండి.

బల్ల దగ్గర కూర్చున్నాక చేతులు సబ్బుతో కడగాలి. శానిటైజర్ క్రిముల్ని చంపుతుంది గానీ వేరుశనగ మాంసకృత్తుని తీసెయ్యదు. పిల్లలున్నచోట బల్లని తడి గుడ్డతో కాకుండా సొంత తడి టిష్యూతో తుడవడం మేలు, హోటలు గుడ్డ పది బల్లల ఎంగిలి మోస్తుంది. పళ్ళెం రాగానే తినకుండా మళ్ళీ ఒకసారి అడగండి. తప్పు కూర వస్తే పక్కకి తీయించుకోవడం చాలదు, కొత్త పళ్ళెంలో కొత్తగా పెట్టించాలి.

జాగ్రత్తలన్నీ పడ్డా జరగొచ్చు కాబట్టి ఇది కంఠతా ఉండాలి. తిన్న నిమిషాల నుంచి రెండు గంటల లోపు నోరు దురద, దద్దుర్లు, పెదవులు వాయడం, వాంతులు, గొంతు బొంగురుపోవడం, ఆగని దగ్గు, ఆయాసం, కళ్ళు తిరగడం, వీటిలో చర్మానికీ, కడుపుకీ, ఊపిరికీ, రక్తపోటుకీ చెందినవి రెండు కలిసి వస్తే, లేదా పడనిది తిన్నాక ఆయాసం, గొంతు బొంగురుపోవడం, రక్తపోటు పడి కళ్ళు తిరగడం లాంటిది ఒక్కటే వచ్చినా అది అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికొచ్చే అలర్జీ. ఒంటి మీద దద్దుర్లు లేకుండా కూడా రావచ్చు. దానికి మందు అడ్రినలిన్ ఒక్కటే. సెట్రిజిన్ దురద తగ్గిస్తుంది, ఊపిరిని కాపాడదు, దానితో కాలయాపన చేస్తే ప్రాణం మీదికొస్తుంది. పెన్నులా ఉండే ఇంజెక్షను మన మందుల కొట్లలో తేలిగ్గా దొరకదు. అందుకే తీవ్రమైన రియాక్షన్ ఒకసారి వచ్చినవాళ్ళు డాక్టరు చేత చీటీ రాయించుకుని, ఆంప్యూల్ (మందు ఉండే చిన్న గాజు బుడ్డి) నుంచి సిరంజిలోకి ఎలా తీయాలో, తొడ బయటివైపు మధ్యలో కండలోకి ఎలా ఇవ్వాలో ఆయన దగ్గరే నేర్చుకుని వెంట ఉంచుకోవాలి. డాక్టర్లు వాడే లెక్క కిలో బరువుకి 0.01 మిల్లీగ్రాము, పెద్దలకి 0.5 మిల్లీగ్రాముకి మించదు. ఎవరికి ఎంతన్నది చీటీ మీద అంకెల్లో రాయించుకోండి, ఆ క్షణంలో లెక్క కట్టే ఓపిక ఎవరికీ ఉండదు. మందుని కారు డాష్‌బోర్డులో ఎండకి వదిలేయకండి, గడువు తేదీ చూస్తూ ఉండండి.

ఇంజెక్షను ఇచ్చాక మనిషిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టాలి. ఆయాసం ఉంటే కాళ్ళు చాపి కూర్చోబెట్టవచ్చు, లేపి ఆటో దాకా నడిపించకూడదు. ఒక్కసారిగా నిలబడితే రక్తపోటు పడిపోయి గుండె ఆగే ప్రమాదం ఉంది. 108కి ఫోన్ చెయ్యాలి. 5 నుంచి 15 నిమిషాల్లో తగ్గకపోతే రెండో మోతాదు. తగ్గినట్టు కనిపించినా కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెట్టవచ్చు కాబట్టి ఆసుపత్రిలో పరిశీలనలో ఉండాలి. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఊళ్ళోనే ఉంది. కోరాపుట్ వైపు వాళ్ళకి అక్కడి సహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఉంది. గోపాల్‌పూర్ నుంచి ఎంకేసీజీకి సుమారు 15 కిలోమీటర్లు, సెలవురోజు సాయంత్రం ఆ దారి ఎంత రద్దీగా ఉంటుందో ఇక్కడివాళ్ళకి తెలిసిందే. తిండి వల్ల వచ్చే తీవ్రమైన రియాక్షన్ అరగంటలో ప్రాణం తీయగలదు. అందుకే అడ్రినలిన్ వెంట లేనప్పుడు ఒడ్డున కొట్లలో కొత్త వంటకం ఏదీ రుచి చూడొద్దు. కొబ్బరిబొండం, ఒలిచిన అరటిపండు, పదార్థాల జాబితా చదివి కొన్న బిస్కెట్ ప్యాకెట్ చాలు, భోజనం ఊళ్ళోకి వచ్చి చెయ్యండి.